కిటికీ మీద నాలుగో గీత

ఐదో ఆదివారం కూడా సబ్బు కరిచింది.

మేస్త్రి వెనక గదిలో అలమర తెరిచి, పై వరసలోంచి ఒక సబ్బు తీసి, నాలుక కొస దానికి ఆనించి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. బ్యాటరీ కొసలు నాలుక మీద పెట్టుకున్నట్టు చుర్రుమంది. సింకు దగ్గరికి పరిగెత్తి నోరు పుక్కిలించాడు.

“ఇంకా దిగలేదన్నమాట నీ కోపం,” అన్నాడు సబ్బుతో.

మొత్తం ఇరవై నాలుగు. ఒక్కోదాని కుడి మూల ఒక్కో బొటనవేలి నొక్కు. ముక్కలు కోసిన రోజే, ఇంకా మెత్తగా ఉండగా, అతని భార్య అలా నొక్కి పెట్టేది. ఆ వేలి గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె పోయి ఐదు వారాలు.

మేస్త్రి అంటే గోడలు కట్టే మేస్త్రి కాదు. కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టే మేస్త్రి. ఏడో తరగతిలో బడి మానేసి ఆ పనిలో పడ్డాడు, ముప్పై ఐదేళ్ళుగా అదే స్టూలు మీద కూర్చున్నాడు. చుట్టే పనిలో ఉన్నదంతా లెక్కే. ఒక్క చుట్టు తక్కువైతే మోటారు వేడెక్కుతుంది, ఒక్కటి ఎక్కువైతే మూలుగుతుంది. మధ్యలో ఎవరొచ్చి ఎంతసేపు పలకరించినా, వాళ్ళు వెళ్ళాక సరిగ్గా ఆగిన అంకె దగ్గరే అందుకుంటాడని అతనికి పేరు. ఆ పేరు తప్ప అతను ఈ లోకంలో సంపాదించుకున్నది పెద్దగా ఏమీ లేదు. అది లోకం తప్పే అని అతని గట్టి నమ్మకం.

భార్య ఏటా సబ్బులు చేసేది. సంవత్సరం చివరి సెలవుల్లో ఆమె తమ్ముడింట్లో చుట్టాలంతా కలుస్తారు. వచ్చినవాళ్ళంతా ఒకరికొకరు ఏదో ఒకటి ఇచ్చుకుంటారు. కొని ఇచ్చే స్తోమత వీళ్ళకి ఎప్పుడూ లేదు. అందుకని రెండు నెలల ముందే ఆమె వెనక గదిలో నూనె, నీళ్ళు, కాస్టిక్ సోడా పెట్టుకుని కూర్చునేది. గట్టిపడ్డాక కోసి, అలమరలో ఐదు వారాలు ఆరబెట్టి, పాత క్యాలెండర్ కాగితాల్లో చుట్టి తలా ఒకటి ఇచ్చేది.

ఆమెకి చదువు రాదు. వంటకి పుస్తకం లేదు, సబ్బుకీ లేదు. చిన్న తూకం మీద కాస్టిక్‌ని మూడు విడతలుగా తూచేది. ఒక్కో విడత నీళ్ళలో పోయగానే, అరిగిపోయిన సబ్బు పలుకుతో కిటికీ అద్దం మీద ఒక తెల్లగీత గీసేది. మూడు గీతలైతే కాస్టిక్ అయినట్టు. నూనె కలిపి అచ్చులో పోశాక అద్దం తుడిచేసేది. ఆరిన సబ్బుని పరీక్షించడం మాత్రం మొగుడి వంతు. “చాపు నాలుక. నాది మొద్దుబారిపోయింది, నీదైతే పదునుది కదా,” అనేది. అతను విసుక్కుంటూనే చాపేవాడు. కరవకపోతే సబ్బు సిద్ధమైనట్టు.

పోయిన ఏడాది సెలవుల్లో, అందరి ముందూ, బావమరిది సబ్బు అందుకుంటూ ఒక జోకు వేశాడు. “ఏంటక్కా, ఈ ఏడు కూడా మమ్మల్ని కడిగిపారేద్దామనే?”

ఇల్లంతా నవ్వింది. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు. ఆ నవ్వుని పదినెలలు కడుపులో పెట్టుకుని పెంచాడు. ఈ ఏడు ఆమె నూనె డబ్బాలు దించగానే బయటపెట్టాడు.

“ఈసారి సబ్బుల మాటెత్తావంటే ఊరుకోను. మాకేం గతిలేదహో అని ఏటేటా చాటింపు వేయించుకోవాలా?”

“నువ్వు కొనిపెట్టు, మానేస్తా,” అందామె.

అంతే. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున ఆమె సబ్బు మొదలుపెట్టింది. అతను పంతానికి షాపు మూసి ఇంట్లోనే కూర్చున్నాడు, ఆమె చేస్తుంటే మొహం ముడుచుకుని ఉండటానికి.

ఆ పొద్దున జరిగిందేమిటో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

రెండు విడతలు పోశాక ఆమెకి ఆయాసం వచ్చింది. ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు నల్లబడటం అతను చూశాడు. ఏమైందని అడగొచ్చు. కానీ అడిగితే తనే ముందు మాట్లాడినట్టవుతుంది. అందుకని పిల్లిలా వెనక గదిలోకి వెళ్ళి, అద్దం మీద రెండు గీతలు చూసి, మూడో విడత తనే తూచి నీళ్ళలో పోసి, అద్దం మీద వేలితో ఒక గీత గీసి, చేతులు కడుక్కుని వచ్చి తన చోట తను కూర్చున్నాడు. మంచి పని చేసి చెప్పకుండా ఊరుకోవడంలో అతనికి గొప్ప అనిపించింది. కాసేపటికి ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

ఇంకాసేపటికి గరిటె చప్పుడు ఆగింది. లోపల్నించి ఆమె మాట వినిపించింది.

“ఏంటో, ఇవాళ తొందరగా గట్టిపడుతోంది.”

మూడు రోజుల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. తనతో అన్నదో, గిన్నెతో అన్నదో. అతను విన్నాడు. పలకలేదు.

పదహారు రోజుల తర్వాత ఆమె బస్టాపు బెంచీ మీద, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

పలకరింపులకి మనుషులు వస్తూపోతూ ఉన్న రోజుల్లో, భార్య చెల్లెలు, అతని మరదలు, వెనక గదిలో సబ్బులు కోసినప్పుడు రాలి పడున్న ముక్కతో చేతులు కడుక్కుని కెవ్వుమంది. “ఇదేంటి బావా, నిప్పులా కాలుతోంది? పచ్చి సబ్బైనా ఇంతలా కాల్చదు!”

గదినిండా జనం. అందరూ అతని వైపే చూశారు. అతను తల దించుకున్నాడు. “చివర్లో దానికి మతి నిలకడగా లేదమ్మా. లెక్క తప్పి ఇంకో విడత పోసేసింది,” అన్నాడు.

మాట బయటపడ్డాక సాక్ష్యాలు వాటంతటవే నడిచొచ్చాయి. నన్ను వేరే పేరుతో పిలిచిందని ఒకరన్నారు. మా ఇంట్లో గొడుగు మర్చిపోయిందని ఇంకొకరు. రెండు గంటల్లో, ముప్పై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషి మతిలేనిదైపోయింది. అతను కాదనలేదు. తను గీత గీశాడు కదా. అద్దం మీద ఇప్పటికీ మూడు గీతలున్నాయి. ఆ రోజు ఆమె ఆయాసంతో తుడవలేదు. రెండు ఆమెవి, ఒకటి తనది. చూసుకోకుండా పోసింది ఆమె. మతి లేకపోవడం అంటే అదే కదా! ఇలా రోజుకి ఎన్నిసార్లు అనుకునేవాడో లెక్కలేదు.

కానీ ఇల్లు ఒప్పుకోలేదు.

అలమర తెరిస్తే సబ్బులకి చెమట పట్టి ఉండేది. పాత గుడ్డతో ఒక్కోటీ తుడిచి పెడితే, మర్నాటికి మళ్ళీ చిన్నచిన్న బొట్లు, నొక్కుల్లో మరీ ఎక్కువ. బొటనవేలి పల్లంలో నిలిచిన బొట్టు కన్నులా అతన్నే చూసేది. మేకుకి వేలాడే, ఆమె చీర మీద కట్టుకునే పని గుడ్డ నడుం దగ్గర ఉబ్బెత్తుగా, ఇంకా లోపల మనిషి ఉన్నట్టే ఉండేది. దాన్ని దులిపి మళ్ళీ తగిలిస్తే మళ్ళీ అదే వాలకం.

అదైనా నయం. షాపులో ఇంకా ఘోరం. చుట్టిన మోటారుకి కరెంటు ఇచ్చి చూస్తాడు కదా, అది మొదట చిన్నగా గొణిగి తర్వాత వేగం అందుకుంటుంది. ఆ గొణుగుడులో ఆమె మాట వినిపించేది. ఏంటో ఇవాళ తొందరగా, ఏంటో ఇవాళ తొందరగా. టక్కున స్విచ్చి ఆపేసేవాడు. “ఏంటి మేస్త్రీ, షాక్ కొట్టిందా?” అని పక్క కొట్టు తాళాలాయన నవ్వేవాడు. చుట్టేటప్పుడు కూడా నూట నలభై దాకా వచ్చి, ఆ మాట విని, అంకె జారవిడిచేవాడు. తీగంతా విప్పి మొదటికి రావాలి. ముప్పై ఐదేళ్ళలో ఎప్పుడూ జరగనిది, ఈ ఐదు వారాల్లో పదకొండుసార్లు జరిగింది.

ఒక సబ్బుని చొక్కా జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఎందుకంటే చెప్పలేడు. చెమట తగిలి అది జేబు గుడ్డలోంచి దిగి, ఎడమ రొమ్ము మీద అరచేతి మందాన కందింది. పసుపు మందు రాసుకుని మళ్ళీ అదే జేబులో పెట్టుకున్నాడు.

సెలవులకి ఇంక వారం ఉందనగా, మధ్యాహ్నం పూట మరదలు వచ్చింది. ఆమెది బట్టలు కుట్టే పని. ఎవరితో మాట్లాడినా నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. చేతిలో పెద్ద నూనె డబ్బా, రెండు జతల రబ్బరు తొడుగులు, ఒక తురుముపీట.

“లే బావా. అక్క సబ్బులు బాగుచేద్దాం.”

“ఏం చేస్తావు వాటిని?”

“అక్కకి కొత్తలో ఒకసారి ఇలాగే అయింది. తురిమి, కాసిని నీళ్ళు పోసి సన్నసెగ మీద కరిగించి, ఇంకొంచెం నూనె పోసి కలిపింది. ఎక్కువైన కాస్టిక్ ఆ నూనెని తిని కూర్చుంటుంది. అప్పుడు కరవదు. అన్నయ్య వాళ్ళింట్లో అందరూ అడుగుతున్నారు, చివరి సబ్బులు కదా, ఇస్తారా అని.”

తురమడం అన్న మాటకి మేస్త్రి మొహం మాడిపోయింది. “వద్దు. వాటి మీద దాని వేలిముద్రలున్నాయి.”

“వేలిముద్రలు దాచుకోవడానికి ఇదేమన్నా పోలీస్ స్టేషనా?” అంది కానీ, అలమర తెరిచి మొదటి సబ్బు చేతిలోకి తీసుకోగానే ఆమె కూడా ఆగింది. తొడుగేసుకున్న బొటనవేలిని ఆ నొక్కులో పెట్టి చూసింది. సరిపోలేదు. ఆమెది పెద్దది. “మరేం చేద్దాం చెప్పు? ఇలాగే ఉంచితే ఎవరూ వాడలేరు. అక్క చేసింది వాడుకోవడానికి, పూజించడానికి కాదు.”

ఆమె చాప పరిచి తురమడం మొదలుపెట్టింది. సబ్బులు సుద్దముక్కల్లా పెళుసుగా విరుగుతున్నాయి. ఆమె నొక్కున్న మూలనే ముందు తురిమేస్తోంది, దాన్ని చూస్తూ కూర్చునే పని లేకుండా. అతను ఎదురుగా కూర్చుని ఇంకోటి అందుకున్నాడు. అతని చేతిలోది మూల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

“అక్కడే ఆగితే మోటారు తిరగదు బావా.”

తురిమాడు.

చివరికి ఆమె ఖాళీ అలమర వైపు చూసింది. “ఇరవై మూడే అయ్యాయి. అక్క అచ్చు ఇరవై నాలుగుది.”

“నువ్వు తప్పు లెక్కపెట్టావు.”

“బట్టకి కొలతలేసే దాన్ని, నాకు లెక్క నేర్పకు. నీ జేబు ఎందుకు తడిసింది?”

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె లేచి వచ్చి, చిన్నపిల్లాడి గుప్పిట విప్పినట్టు అతని వేళ్ళు విప్పి, సబ్బు బయటికి తీసింది. చొక్కా గుండీల సందులోంచి కందిన చర్మం కనిపించింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. సబ్బు అతని చేతికే తిరిగి ఇచ్చింది.

“ఇది నువ్వే తురుము.”

ఆ ఒక్కదానికీ చాలాసేపు పట్టింది.

పెద్ద గిన్నెలో తురుమంతా వేసి, నీళ్ళు చల్లి, వెనక గదిలోని చిన్న పొయ్యి మీద పెట్టారు. భార్య సబ్బు చేసిన రోజు తర్వాత ఆ పొయ్యి వెలగడం ఇదే మొదలు. పక్క బర్నరు మీద ఇంకో గిన్నెలో వేడినీళ్ళు. బయట చలిగా ఉందని కిటికీ వేసి, పైన ఫ్యాను ఒక్కటే వేశారు. అది కూడా గొణిగింది. మేస్త్రి పళ్ళు బిగించి కలుపుతున్నాడు. తురుము కరిగి, ముద్దలు ముద్దలుగా, జావలా మారుతోంది. గదంతా ఆమె చేతుల వాసన. ఏటా ఇదే రోజుల్లో ఆమె అన్నం వడ్డిస్తుంటే కంచం మీదుగా వచ్చే వాసన.

“ఆ గీతలేంటి బావా?” అంది మరదలు.

“ఏ గీతలు?”

“అద్దం మీద.”

“అవా. కాస్టిక్ లెక్క. పోసినప్పుడల్లా ఒకటి గీస్తుంది. మూడున్నాయి చూడు.” ఇన్నాళ్ళూ దాచుకున్న సాక్ష్యం చూపించే అవకాశం వచ్చినట్టు అతని గొంతు కొంచెం లేచింది. “మూడు గీతలు కళ్ళముందు పెట్టుకుని నాలుగోది పోసింది. నేను చెప్పింది అదే కదా.”

“మూడేంటి? నాలుగున్నాయి.”

అతను గరిటె వదలకుండానే తల తిప్పాడు.

అద్దం ఆవిరి పట్టి తెల్లబడింది. ఆ తెలుపులో సబ్బు పలుకుతో గీసిన మూడు గీతలు సన్నగా, పక్కపక్కనే ఉన్నాయి. మూడూ ఒకే చేతివి. రెండోదానికీ మూడోదానికీ మధ్య, కొంచెం కిందుగా, ఇంకో గీత నల్లగా తేలుతోంది. ఆవిరి అక్కడ మాత్రం పట్టడం లేదు. లావుపాటి వేలి గీత. దాని నడుమ పైనించి కిందికి, రైలు పట్టాల మధ్య సందులా, ఒక సన్నని చార.

మేస్త్రి తన కుడి చూపుడువేలు చూసుకున్నాడు. పని నేర్చుకునే రోజుల్లో రాగితీగ కోసిన మచ్చ, వేలి కొస నుంచి నిలువుగా, నడుమ గాడిలా ఉంది.

ఆ పొద్దున అద్దం ఎలా ఉందో అప్పుడు గుర్తొచ్చింది. కాస్టిక్ పడ్డ నీళ్ళు సలసలమని కాగి, ఇలాగే ఆవిరి పట్టి ఉంది. పలుకు వెతుక్కునే ఓపిక లేక వేలితో గీశాడు. ఆవిరిలో గీత ఎంతో స్పష్టంగా పడింది. చాలనుకుని వెళ్ళాడు. ఆమె కుర్చీలోంచి లేచి వచ్చేసరికి ఆవిరి ఆరిపోయి ఉంటుంది, దాంతో పాటే అతని గీత. ఆమెకి కనిపించినవి రెండే. మూడోది పోసింది, మూడో గీత గీసింది. తూకం తప్పలేదు, లెక్క తప్పలేదు.

“బావా, అడుగంటుతోంది. కలుపు.”

“అది నాది,” అన్నాడు.

“ఏది?”

“ఆ నాలుగోది. నేను పోశాను. దానికి ఆయాసం వస్తే… నేను పోసి, వేలితో గీసి వెళ్ళిపోయాను. చెప్పలేదు.”

మరదలు చేతిలో నూనె డబ్బా అలాగే ఉండిపోయింది. “ఆ రోజు నువ్వు ఇంట్లో ఉన్నావా? షాపులో ఉన్నానన్నావుగా?”

“ఉన్నాను. గట్టిపడుతోంది తొందరగా, అని పైకే అంది. ఎందుకో అని అడిగినట్టే అంది. విన్నాను. అప్పుడన్నా చెప్పి ఉంటే పారబోసి మళ్ళీ చేసేది. మాటలు లేవు మా మధ్య. నేనే ముందు మాట్లాడినట్టవుతుందని…”

పొయ్యి మీద ముద్ద బుడగ వేసి పగిలింది. మరదలు అద్దం వైపు చాలాసేపు చూసింది.

“అందరికీ మతి తప్పిందని చెప్పావు మా అక్కకి.”

“చెప్పాను.”

“నేను కూడా నమ్మాను. గొడుగు సంగతి చెప్పింది నేనే.” ఓదారుస్తుందేమోనని అతను చూశాడు. ఆమె ఓదార్చలేదు. నూనె పోసి, “కలుపు” అంది. అంతే. గంటన్నర సేపు అతను కలుపుతూనే ఉన్నాడు. అద్దం మీద ఆవిరి నీరై కారుతున్నా ఆ గీత కదలలేదు.

ముద్ద చిక్కబడి, అంచుల దగ్గర నిగనిగలాడాక, ఆమె చెంచాతో కొంచెం తీసి, చల్లార్చి, అతని ముందు పెట్టింది.

“చాపు నాలుక.”

ఆ మాట ఆమెకి ఎవరు చెప్పారో అతను అడగలేదు. కళ్ళు మూసుకుని చాపాడు. కరవాలని కోరుకున్నాడు. చేదుగా, జిడ్డుగా, మెత్తగా తగిలింది.

“ఏంటి?”

“కరవట్లేదు,” అన్నాడు. అనేసి, నోరు కడుక్కోవడం మర్చిపోయి అక్కడే నిలబడ్డాడు.

నూనె ఎక్కువ పట్టడంతో ఈసారి ముప్పై రెండయ్యాయి. నున్నగా లేవు, గరుకుగా, గడ్డలు గడ్డలుగా ఉన్నాయి. మూలన నొక్కు లేదు. మరదలు నొక్కబోతే అతను వద్దన్నాడు.

బావమరిది ఇంట్లో భోజనాలయ్యాక మేస్త్రి సంచి విప్పాడు. క్యాలెండర్ కాగితాలు తనే కత్తిరించాడు, అంచులు వంకర్లు పోయాయి. పెద్దవాళ్ళు కాగితం విప్పకుండానే వాసన చూసి కళ్ళు తుడుచుకున్నారు. బావమరిది విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి జోకు వేయలేదు. జోకు వేసినా నయమే.

“పాపం, మా అక్క చేతి పని ఇలా అయిపోయింది. చివర్లో మతి సరిగా లేదు కదా, అయినా ఇంత చేసింది.”

మేస్త్రి మరదలు వైపు చూశాడు. ఆమె పిల్లల కాగితాలు ఏరుతున్నట్టు తల వంచుకుంది. తను చెప్పదు. చెప్పాల్సింది ఎవరో ఆమెకి తెలుసు.

“మీ అక్క మతికేం కాలేదు,” అన్నాడు. “అది మూడే పోసింది. నాలుగోది నేను పోసి, చెప్పకుండా ఊరుకున్నాను. తర్వాత దాని మీద పెట్టాను.”

ఎవరో నవ్వబోయి, జోకు కాదని తెలిసి ఆగిపోయారు. బావమరిది సబ్బుని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “ఎందుకు చెప్పలేదు బావా?” అన్నాడు చివరికి.

అతని దగ్గరున్న జవాబు అంతమందిలో చెప్పేంత పెద్దది కాదు. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాడు. ఎవరూ ఆపలేదు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళాడు. అలమర ఖాళీ. పని గుడ్డ మేకుకి వేలాడుతోంది, నడుం దగ్గర అదే ఉబ్బు. అద్దం పొడిగా ఉంది. దాని మీద మూడే గీతలు.

పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టి, పైన ఫ్యాను వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నీళ్ళు కాగి, ఆవిరి లేచి, అద్దం తెల్లబడింది. రెండో గీత పక్కన అతని గీత నెమ్మదిగా పైకి వచ్చింది, నడుమ చారతో సహా.

గూట్లో ఆమె వాడిన సబ్బు పలుకు ఉంది. గోరంత. దాని మీద ఆమె గోటి గంటు. మేస్త్రి లేచి, పొయ్యి ఆపాడు. ఆవిరి ఆరకముందే, చోటు మరిచిపోకముందే, వేలి కొసని తన గీత మొదట్లో ఆనించి ఉంచాడు. అద్దం చల్లబడి, పొడిబారేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత పలుకు తీసుకుని, వేలున్న చోటి నుంచి కిందికి, గట్టిగా, తెల్లగా గీశాడు.

“నేను పోశానే,” అన్నాడు, పైకే. “అందుకే గట్టిపడింది.”

పలుకు అతని వేళ్ళ మధ్య విరిగిపోయింది. పైన ఫ్యాను గొణుగుతూనే ఉంది.